ఒకే ఒరలో రెండు పిస్తోళ్లు ఇమడవు

అచ్చుపోసిన ప్లాస్టిక్ ఒరకు ఇంట్లో సవరణ : చేయదగినవి కొన్నే, చేయకూడనివి ఎన్నో

చిక్కడపల్లి : ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దల మాట. ఆ మాట పుట్టిననాడు ఒర అంటే చెక్క లేదా తోలు. కొలత కొంచెం అటూ ఇటూ అయినా తోలు సర్దుకునేది. నేడు పోలీసు అధికారి నడుముకు కనిపించే ఒర అచ్చులో పోసిన ప్లాస్టిక్ కూడా కావచ్చు. ఏ పిస్తోలు కొలతకు అచ్చు తీశారో ఆ పిస్తోలే అందులో కూర్చుంటుంది. వేరొకటి పెడితే పట్టదు. పట్టినట్టు కనిపిస్తే అది మరీ ప్రమాదం.

ఈ సంగతి చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ వాసులకు ఎందుకంటారా? నగర కేంద్ర గ్రంథాలయం నుంచి అశోక్‌నగర్ చౌరస్తా దాకా సాయంత్రం ఒకసారి నడిచి చూడండి. కోచింగ్ సెంటర్ల బోర్డులు, పాత ప్రశ్నపత్రాల దుకాణాలు, టీ కొట్టు ముందు నిలబడే లెక్కలు చేసుకునే కుర్రకారు. వారిలో ఖాకీ దుస్తుల మీద ఆశ పెట్టుకున్నవారు తక్కువేమీ కాదు. 2022 ఏప్రిల్‌లో రాష్ట్ర పోలీసు నియామక మండలి ఎస్సై, కానిస్టేబులు పోస్టులు 16 వేలకు పైగా ప్రకటించింది. ఆ పరీక్షలకు ఈ వీధుల్లో ఎందరో చదివారు. పుస్తకంతో మొదలైన ఆ ప్రయాణం ఒకనాటికి నడుముకు ఆయుధం కట్టుకునే దాకా సాగుతుంది. పరీక్షలో అడగని ప్రశ్న ఒకటి ఆ రోజున ఎదురవుతుంది. ఈ ఒర నా నడుముకు సరిగా కూర్చోవడం లేదు, ఏం చేయాలి?

కొత్వాలు కాలం నుంచి

నారాయణగూడలోని మహిళా కళాశాలకు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పేరున్నది. హిమాయత్‌సాగర్ వద్ద ఎస్సైలకు శిక్షణ ఇచ్చే రాష్ట్ర పోలీసు అకాడమీకి కూడా ఆయన పేరే పెట్టారు. 1920లో ఆయన హైదరాబాదు నగర కొత్వాలు పదవి చేపట్టారు. ఆ తరం పోలీసు ఒర అంటే మూత గల తోలు సంచి. రివాల్వరు పిడికి కట్టిన తాడు భుజం దాకా వచ్చేది. ఆయుధం జారినా నేల మీద పడకుండా, ఎవరైనా లాగినా వెంటనే చేజారకుండా ఆ తాడు కాపాడేది. తోలు ఒర కుట్టు ఊడితే చెప్పులు కుట్టే పెద్దమనిషి చేతికిస్తే సరిపోయేది. రెండు కుట్లు వేసి, నూనె రాసి తిరిగి ఇచ్చేవాడు.

ప్లాస్టిక్ వచ్చాక కుట్టుపని పోయింది. అమెరికాలో ఎఫ్.బి.ఐ.లో పనిచేసిన బిల్ రోజర్స్ 1970లలో కైడెక్స్ అనే షీటుతో ఒరలు చేసి వ్యాప్తిలోకి తెచ్చిన వారిలో ముఖ్యుడు. ఆ కైడెక్స్ 1965లో విమానాల లోపలి భాగాల కోసం తయారైన ప్లాస్టిక్. వానకు ఉబ్బదు, చెమటకు కుళ్లదు, పిస్తోలు తీసిన తరువాత కూడా నోరు మూసుకోదు. తరువాత కరిగించిన నైలానును ఒత్తిడితో అచ్చులోకి పంపి పోసే చౌక రకాలు కూడా వచ్చాయి. అవి ఇప్పుడు అన్ని ఊళ్లకూ చేరాయి.

ఒర అన్నది సంచి కాదు

పిస్తోలు ఒర చేయవలసిన పనులు మూడు. ఆయుధాన్ని జారకుండా పట్టుకోవాలి. అవసరమైన క్షణంలో ఒక్క ఊపులో ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, ట్రిగ్గరును పూర్తిగా కప్పి వుంచాలి.

మూడవ పని విలువ ఆయుధాన్ని బట్టి పెరుగుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే 9 ఎం.ఎం. పిస్తోలు పాత బ్రౌనింగ్ హై పవర్ నమూనాది. దాని హ్యామరు దించి వుంటే ట్రిగ్గరు నొక్కినా పేలదు. పైగా బొటనవేలితో వేసే సేఫ్టీ వున్నది. 1980లలో ఆస్ట్రియా నుంచి వచ్చి మన దేశంలో ప్రత్యేక దళాల చేతికి కూడా చేరిన గ్లాక్ వంటి పిస్తోళ్లకు అటువంటి విడి సేఫ్టీ మీట లేదు. ఛాంబరులో తూటా వుండి ట్రిగ్గరు పూర్తిగా వెనక్కు కదిలితే పేలడమే. వేలే కానక్కరలేదు, చొక్కా అంచు చాలు, తాడు ముడి చాలు. అటువంటి పిస్తోలుకు ఒరే ముఖ్యమైన కాపలా.

తోలు ఒరలకు కూడా ఈ దోషం లేకపోలేదు. 2011లో అమెరికాలో ఒక వ్యక్తి నడుముకున్న పాత తోలు ఒర అరిగి మెత్తబడి, దాని అంచు మడతపడి ట్రిగ్గరు గార్డులోకి చొచ్చుకుపోయింది. కారులో కూర్చున్న మనిషి కదిలేసరికి తూటా పేలి గాయమైంది. అరిగిన తోలు వంగినట్టు ప్లాస్టిక్ వంగదు. ఆ గట్టిదనమే దాని గుణం. ఇంట్లో ఆకురాయి పట్టుకుని ఆ గట్టిదనాన్నే పోగొట్టుకుంటే కొత్త ఒర కూడా ఆ పాత తోలు ఒరతో సమానమవుతుంది.

ముందు అడగవలసిన ప్రశ్న

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక ఎస్సై వున్నాడనుకుందాం. ఒర బెల్టు మీద అటూ ఇటూ జరుగుతోంది, మోటారు సైకిలు ఎక్కితే పై అంచు డొక్కలో గుచ్చుకుంటోంది, పిస్తోలు తీయబోతే బిగుసుకుంటోంది. ఆదివారం తీరిక దొరికింది. స్క్రూ డ్రైవరు, ఆకురాయి చేతిలో వున్నాయి. మొదలు పెట్టే ముందు అతడు అడగవలసినది ఒకటున్నది. ఈ ఒర ఎవరిది?

శాఖ ఇచ్చిన ఒర అయితే అది ప్రభుత్వ సొత్తు. దాని మీద ఇంట్లో చేయి చేసుకోరాదు. ఆయుధాల మరమ్మతు చూసే ఆర్మరరు వద్దకు తీసుకువెళ్లి లోపం చూపించాలి. కొలత తేడా వుంటే మార్చి ఇవ్వమని అడగడంలో నామోషీ ఏమీ లేదు. సొంత డబ్బుతో కొన్న ఒర అయినా డ్యూటీలో ధరించాలంటే పై అధికారి అనుమతి అవసరం. లైసెన్సు మీద సొంత ఆయుధం వున్న పౌరులకు ఒర సొంతమే గనుక సవరించుకునే వీలు వున్నది. బాధ్యత కూడా పూర్తిగా వారిదే.

తూటాలు మరో గదిలో

ఈ మూడు పేటల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని వుంటాయి. గోడకు ఆవల పొరుగువారి పిల్లలు చదువుకుంటూ వుంటారు. కనుక ఒర పని మొదలుపెట్టే ముందు పిస్తోలు ఖాళీ చేయడం మొదటి మెట్టు. గొట్టం మనుషులు లేని వైపు వుంచాలి. ముందు మ్యాగజైను తీయాలి, ఆ తరువాతనే స్లైడు వెనక్కు లాగాలి. ఈ వరుస తారుమారైతే ఛాంబరులోని తూటా బయట పడినా, స్లైడు ముందుకు పోతూ మ్యాగజైనులోని మరో తూటాను లోపలికి తోస్తుంది. ఖాళీ అయిందనుకున్న పిస్తోలు నిండుకుని వుంటుంది. స్లైడు తెరిచి కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. రివాల్వరు అయితే సిలిండరు పక్కకు తెరిచి ప్రతి గదినీ చూడాలి. తూటాలను మరో గదిలో తాళం వేసి పెట్టి రావాలి. ఒర పని జరిగే బల్ల మీద ఒక్క తూటా కూడా వుండరాదు. వీలైతే అసలు ఆయుధానికి బదులు అదే కొలత గల ప్లాస్టిక్ నమూనా పిస్తోలు వాడడం మేలు. శిక్షణ సంస్థల్లో వాడే నీలిరంగు నమూనాలు ఇటువంటివే.

చేయదగినవి

బెల్టు పట్టు : ఒర కదలడానికి చాలాసార్లు కారణం ఒర కాదు, బెల్టు. వెడల్పు బెల్టుకు చేసిన కొక్కెంలో సన్నని బెల్టు దూరిస్తే జారక ఏం చేస్తుంది? కొక్కెంలో సరిపోయే మందం గల ప్లాస్టిక్ ముక్క పెట్టి ఖాళీ పూడ్చవచ్చు. మెత్తటి బట్ట బెల్టు అయితే దాన్ని మార్చి గట్టి బెల్టు కొనడమే దారి.

వాలు, ఎత్తు : చాలా ఒరలకు కొక్కెం బిగించే చోట రెండు మూడు వరుసల రంధ్రాలు వుంటాయి. స్క్రూలు విప్పి ఒక రంధ్రం కిందికో పైకో మార్చితే ఒర ఎత్తు మారుతుంది, వాలు మారుతుంది. డొక్కలో గుచ్చుకునే బాధ సగం ఇక్కడే తీరుతుంది. కోత అవసరమే రాదు.

బిగువు స్క్రూ : కొన్ని ఒరల పక్కన రబ్బరు వాషరుతో స్క్రూ వుంటుంది. దాన్ని తిప్పితే ఒర రెండు రేకులు దగ్గరపడి పిస్తోలును పట్టుకుంటాయి. పావు మలుపు చొప్పున తిప్పి ప్రతిసారీ ఖాళీ పిస్తోలుతో చూసుకోవాలి. ఒక్కసారిగా బిగిస్తే రంధ్రం వద్ద ప్లాస్టిక్ చీలుతుంది.

ఇక్కడే కనబడని గొయ్యి ఒకటి వున్నది. వాషరు తీసేసినా, పలచటి వాషరు వేసినా పాత స్క్రూ పొడవు ఎక్కువై లోపలికి పొడుచుకు వస్తుంది. అది పిస్తోలును గీకవచ్చు, ట్రిగ్గరు దిశగా కూడా రావచ్చు. స్క్రూ మార్చిన ప్రతిసారీ ఒర లోపల వేలు పెట్టి తడిమి చూడాలి. మరలు వదులు కాకుండా తేలికపాటి జిగురు, అంటే మళ్లీ విప్పడానికి వీలయ్యే రకం, స్క్రూ మర మీద ఒక చుక్క చాలు. అది ప్లాస్టిక్ మీద ఒలకరాదు, కొన్ని ప్లాస్టిక్‌లకు పగుళ్లు తెస్తుంది. చివరకు స్క్రూ తల మీదుగా రంగుతో ఒక గీత గీయాలి. గీత రెండుగా విడిపోతే స్క్రూ తిరిగిందని దూరం నుంచే తెలుస్తుంది.

అంచులు : అచ్చు రెండు ముక్కలు కలిసే చోట సన్నని గరుకు గీత మిగులుతుంది. చొక్కా చిరగడానికీ, చర్మం ఒరుసుకోవడానికీ అది కారణం. 220 నంబరు సాండ్ పేపరుతో మొదలుపెట్టి 400, తరువాత 600 నంబరుతో నీటితో తడుపుతూ రుద్దితే నున్నబడుతుంది. బయటి అంచే రుద్దాలి. పని అయ్యాక సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. లోపల మిగిలిన పొడి తరువాత పిస్తోలు మీద గీతలు పెడుతుంది.

నిప్పుతో చెలగాటం

ప్లాస్టిక్ కదా, కాస్త వేడి చూపిస్తే వంగుతుందని చాలామంది అనుకుంటారు. ఏ ప్లాస్టిక్ అన్నది ముందు తెలియాలి. కైడెక్స్ ఒర అంతటా ఒకే మందంగా, షీటు మడిచినట్టో రెండు రేకులు రివెట్లతో కలిపినట్టో వుంటుంది. పోత నైలాను ఒరకు మందం చోటుకొక తీరుగా వుంటుంది, లోపల పక్కటెముకల వంటి గీతలు, ఉబ్బెత్తు అక్షరాలు కనిపిస్తాయి.

కైడెక్స్ 160 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ మధ్య మెత్తబడి కొత్త ఆకారం తీసుకుంటుంది. మరిగే నీళ్ల వేడి 100 డిగ్రీలే గనుక దానితో ఈ పని జరగదు. దీనికి రంగు ఊడగొట్టేవారు వాడే హీట్ గన్ కావాలి. ఒకే చోట నిలపక తిప్పుతూ వుండాలి. వేడెక్కిన ఒరలో అసలు పిస్తోలును పెట్టనేకూడదు. నమూనా పిస్తోలు పెట్టి, మందపాటి చేతి తొడుగులతో చల్లారేదాకా అదిమి పట్టాలి.

గ్యాసు పొయ్యి మంట మాత్రం వద్దేవద్దు. కైడెక్స్‌లో పి.వి.సి. వున్నది. మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. కిటికీ లేని ఇరుకు గదిలో, పక్క మంచం మీద మరొకరు పడుకుని వున్నచోట ఈ పని తలపెట్టరాదు. పోత నైలాను ఒరను అయితే ఇంట్లో వేడి చేయడం వృథా. కొన్ని నైలాను రకాలు కరగడానికి 260 డిగ్రీల దాపుల వేడి కావాలి. పైగా గట్టిదనానికి గాజు నార కలిపిన పోత ఒరలూ వున్నాయి. అవి వంగే లోపు మాడతాయి, మాడకపోతే మెలి తిరుగుతాయి.

వేడి సంగతి మన వేసవికి కూడా వర్తిస్తుంది. మే నెల ఎండలో తలుపులు మూసి నిలిపిన కారు డ్యాష్‌బోర్డు డెబ్బై డిగ్రీలకు పైబడి కాగవచ్చు. దాదాపు ఆ వేడి వద్దనే కైడెక్స్ బరువుకు లొంగడం మొదలవుతుంది. అక్కడ ఒర వదిలివెళ్లి, పైన ఏదైనా బరువు పెడితే, సాయంత్రానికి దాని బిగువు మారివుండవచ్చు. కంటికి మాత్రం ఏ తేడా కనబడదు.

చేయకూడనివి

ట్రిగ్గరును కప్పే భాగంలో ఒక్క నలుసు కూడా కోయరాదు. పిస్తోలు తొందరగా చేతికి వస్తుందని ఆ చోట వంపు పెద్దది చేసేవారున్నారు. అది కాపలావాణ్ణి ఇంటికి పంపి తలుపు తెరిచి పెట్టడమే.

ఒర లోపల వెల్వెట్టు, స్పాంజి, తోలు ముక్క అతికించరాదు. చెమట, వాన తడి అందులో నిలిచి ఇనుము తుప్పు పడుతుంది. అతుకు ఊడితే ఆ ముక్క మడతపడి ట్రిగ్గరు వద్దకు చేరుతుంది. అమెరికా ఉదంతంలో తోలు చేసిన పనే అదీ చేస్తుంది.

వదులు పోవడానికి అగ్గిపుల్లలు, అట్టముక్కలు దోపరాదు. పట్టీ, మీట, తాళం వంటి భాగాలను తీసివేయరాదు, బలహీనపరచరాదు. చూపుడు వేలితో నొక్కే మీట గల ఒరలలో తొందరలో ఆ వేలే నేరుగా ట్రిగ్గరు మీదికి జారిన ప్రమాదాలు విదేశాల్లో నమోదయ్యాయి. కొన్ని శిక్షణ సంస్థలు ఆ రకాన్ని తమ తరగతుల్లో వద్దన్నాయి. అటువంటి ఒరకు సవరణ కాదు, మార్పే మందు.

వేరే పిస్తోలుకు చేసిన ఒరను అరగదీసి మన పిస్తోలుకు పట్టించడం అన్నిటికంటే చెడ్డ ఆలోచన. పైకి ఇమిడినట్టు కనబడుతుంది, ట్రిగ్గరు గార్డు వద్ద మాత్రం పట్టు దొరకదు.

జనసమ్మర్దంలో పరీక్ష

ఒర బిగువు విలువ తెలిసేది గుంపులోనే. ఆర్టీసీ క్రాస్‌రోడ్డు సినిమా హాళ్ల వద్ద కొత్త సినిమా రోజున బందోబస్తు ఎంత కష్టమో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. 2024 డిసెంబరు 4 రాత్రి సంధ్య థియేటరు వద్ద తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణం కోల్పోయింది. అటువంటి తోపులాటలో పడినవారిని లేవనెత్తే అధికారి రెండు చేతులూ జనం మీద వుంటాయి, నడుము మీద వుండవు. ఆ సమయంలో ఆయుధాన్ని చూసుకునేది ఒరే. అది జారినా, ఎవరి చేయి తగిలి ఊడివచ్చినా జరిగే నష్టానికి అంతు వుండదు.

అందుకే సవరణ తరువాత పరీక్ష తప్పదు. ఖాళీ పిస్తోలును ఒరలో పెట్టి, మంచం పరుపు మీద ఒరను తలకిందులు చేసి గట్టిగా కుదపాలి. పిస్తోలు పడిపోతే ఆ ఒర పనికిరాదు. ఒర బయటి నుంచి ట్రిగ్గరు చోట బొటనవేలితో నొక్కాలి. లోపల ట్రిగ్గరు కదిలినా, వేలికి తగిలినా పనికిరాదు. నడుముకు కట్టుకుని మెట్లెక్కాలి, దిగాలి, నేల మీద కూర్చుని లేవాలి, మోటారు సైకిలు మీద కూర్చోవాలి. ఇరవై ముప్పైసార్లు తీసి పెట్టాలి. తీసేటప్పుడు ఒర కూడా పిస్తోలుతో పైకి లేవరాదు. తిరిగి పెట్టేటప్పుడు తొందర వద్దు, చొక్కా అంచు పక్కకు తీసి, వేలు ట్రిగ్గరుకు దూరంగా వుంచి, చూసి పెట్టాలి. వారం తరువాత స్క్రూ గీతలు మళ్లీ చూడాలి. పగులు ఎంత సన్నని వెంట్రుక వంటిదైనా కనబడితే ఆ ఒరను రెండు ముక్కలు చేసి పారవేయాలి, మరొకరు తీసుకుని వాడకుండా.

చట్టం ఏమంటుంది?

లైసెన్సుదారులు తెలుసుకోవలసినది మరొకటున్నది. 1959 ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం బహిరంగ స్థలంలో చేతి తుపాకిని దానికి తగిన ఒరలో శరీరానికి కట్టుకునో, సంచిలో పెట్టుకునో తీసుకువెళ్లాలి. అది పూర్తిగా కప్పి వుండాలి, దానిపై ధరించినవారి అదుపు వుండాలి. పెళ్లి ఊరేగింపుల్లో గాలిలోకి కాల్చడం, నలుగురిలో ఆయుధం చూపి ఝళిపించడం నిషేధం. కనుక నలుగురికీ కనబడేలా ఒరను కోసుకుని అలంకరించుకోవడం గొప్ప కాదు, నిబంధనల ఉల్లంఘన.

ఇంటికి వచ్చాక ఒర పని అయిపోతుంది. గోడ మేకుకు ఒరతో సహా తగిలించడం కొన్ని ఇళ్లలో అలవాటు. ఒర పెద్దవారి నడుము మీద కాపలా కాస్తుందే గాని పిల్లవాడి చేతి నుంచి కాపాడలేదు. ఆయుధం తాళం లోపల, తూటాలు వేరే తాళం లోపల వుండాలి.

ఒర ధర పిస్తోలు ధరలో చిన్న భాగం. సరిపడని ఒరను రెండు గంటలు రుద్ది దారికి తేవడం కంటే, పిస్తోలు నమూనా పేరు చెప్పి, ఏ చేతివాటమో చెప్పి, బెల్టు వెడల్పు కొలిచి చూపి సరైనది కొనడం చౌక. ఇంట్లో చేయవలసినది బెల్టు పట్టు, వాలు, స్క్రూ బిగువు, అంచుల నునుపు, ఈ నాలుగే. అశోక్‌నగర్ గదుల్లో ఈనాడు శరీర కొలతల పరీక్షకు సిద్ధమవుతున్న కుర్రవాడు రేపు ఎస్సై అయ్యాక ఒర కొలత కూడా అంత శ్రద్ధగా చూసుకోవాలి.